పాత హవాయి చెప్పుతో పండుగప్ప: ఉప్పుటేరులో గేలం వేసే పద్ధతి

ఉప్పుటేరు గట్టున పొద్దు గూకే వేళ నిలబడితే, మడ చెట్ల కింది నుంచి 'టప్'మని ఒక శబ్దం వినిపిస్తుంది. ఎవరో అరచేత్తో నీళ్ల మీద ఒక్క దెబ్బ వేసినట్టు ఉంటుంది. అది పండుగప్ప. రొయ్య గానీ సన్న చేప గానీ దగ్గరికి రాగానే నోరు ఒక్కసారిగా తెరిచి, నీళ్లతో సహా లోపలికి లాగేసుకుంటుంది. ఆ నోటి చప్పుడే మనకు వినపడేది. ఆ శబ్దం వచ్చిన చోటికి ఒక బొమ్మ చేపను విసిరి, దాన్ని నిజం చేపేనని పండుగప్పతో నమ్మించడం ఎలాగో చెబుతాను. నెల్లూరు నుంచి మైపాడు వైపు, ముత్తుకూరు వైపు తిరిగి నేర్చుకున్నాను. ఒంగోలు వైపు గుండ్లకమ్మ, మూసి, పాలేరు సముద్రంలో కలిసే చోట్ల కూడా ఇదే పద్ధతి.

పండుగప్పను ఇంగ్లీషులో ఏషియన్ సీబాస్ అంటారు, ఆస్ట్రేలియా వాళ్లకు బారాముండి. ఫోన్లో బాస్ ఫిషింగ్ అని వెతికితే వచ్చే వీడియోల్లో ఎక్కువ భాగం అమెరికా మంచినీటి చెరువుల్లో పట్టే వేరే జాతి చేపవి. వాటిని చూసి ప్లాస్టిక్ వానపాములు కొనుక్కుని ఉప్పుటేరుకు వెళ్లకండి. పొంచి ఉండి పట్టే అలవాటు రెండు చేపలకూ ఉంది. కానీ ఆ చెరువులకు పోటూ (సముద్రపు నీళ్లు ఎక్కడం) పాటూ (అవి దిగడం) లేవు, మన చేపకు గడియారం అదే.

ముందు తిథి చూసుకోండి

రాడ్డు కొనక ముందే నేర్చుకోవాల్సింది నీళ్ల రాకపోకలు. అమావాస్యకు, పౌర్ణమికి, ఆ తర్వాత రెండు మూడు రోజులు నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి. అష్టమి చుట్టుపక్కల ఆ కదలిక తగ్గిపోతుంది. మన తీరంలో పెద్ద పోటు కూడా మీటరుకు అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి, అష్టమి నాడు ఏటి లోపల నీళ్లు కదిలాయా లేదా అన్నట్టు ఉంటాయి. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని బొమ్మలు చేసుకోండి.

పోటు ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈ రోజు ఉదయం 6 గంటలకు నీళ్లు దిగడం మొదలైతే రేపు 7కు కాస్త ముందు. ఫోన్లో టైడ్ టేబుల్ చూసుకోవచ్చు గానీ అది సముద్రపు ఒడ్డు లెక్క, ఏరు వెంట లోపలికి వెళ్లేకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. మీ చోటికి ఎంత ఆలస్యమో మీరే కనిపెట్టాలి. గట్టు దగ్గర ఒక కర్ర పాతి, దాని మీద తడి గుర్తు చూస్తూ, నీళ్లు వెనక్కి తిరిగిన టైము ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. నాలుగైదు సార్లు రాస్తే ఆ చోటి లెక్క తెలిసిపోతుంది.

మొదట్లో నేను నిండు పోటు మీద వెళ్లేవాడిని. నీళ్లు నిండుగా ఉంటే చేపలూ నిండుగా ఉంటాయనుకున్నాను. మూడు వారాలు తిరిగినా ఒక్కటి తగల్లేదు. అక్కడ విసురు వల వేసుకుంటున్న పెద్దాయన ఒక సాయంత్రం నా పక్కకి వచ్చి, "అబ్బయా, ఇప్పుడు చేప అడివిలో ఉండాది. నీళ్లు ఎనక్కి తిరగనీ, అదే నీ కాడికొస్తాది" అన్నాడు. అడివంటే మడ అడవి. పోటు మీద రొయ్యలు, సన్న చేపలు మడ వేళ్ల సందుల్లోకి మేతకు పోతాయి. వాటి వెనకే పండుగప్ప కూడా పోతుంది, అక్కడికి మన బొమ్మ చేరదు. నీళ్లు దిగేటప్పుడు అవన్నీ పిల్ల కాలువల గుండా పెద్ద ఏటిలోకి దిగి రాక తప్పదు. పండుగప్ప వాటికంటే ముందే వచ్చి ఆ పిల్ల కాలువ నోటి పక్కన, ప్రవాహం తగలని చోట కాచుకుని ఉంటుంది. అందుకని పాటు చివరి రెండు గంటలు, మళ్లీ పోటు ఎక్కడం మొదలైన గంట మీవి. ఆ వేళ తెల్లవారుజాముకో, పొద్దు గూకే సమయానికో కలిసి వచ్చిన రోజు సెలవు పెట్టి అయినా వెళ్లండి.

కాలం సంగతికి వస్తే, ఇది వేడిని ఇష్టపడే చేప. మార్చి నుంచి చురుకు పెరుగుతుంది, డిసెంబరు, జనవరి చలిలో మందగిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడి, సోమశిల డ్యామ్ గేట్లు ఎత్తితే పెన్న మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర నీళ్లు ఎర్రబడిపోతాయి. ఆ ఎర్ర నీళ్లలో బొమ్మ కనపడదు. నీళ్లు తేరి టీ రంగుకు వచ్చేదాకా ఆగండి. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో మొగ దరిదాపులకు పోవద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవలకు, మోటారు పడవలకు వేట నిషేధం. గట్టు మీద నిలబడి గేలం వేయడం వేరే సంగతి గానీ, ఆ రోజుల్లో మోటారు పడవ మాట్లాడుకుని మొగ దాటి వెళ్లకండి.

చోటు ఎంచుకోవడం

బకింగ్‌హామ్ కాలువ మన తీరం పొడవునా ఉంది. అది ఉప్పుటేరును తాకే చోట్లు, మడ చెట్ల వేళ్లు నీళ్లలోకి దిగిన చోట్లు, వంతెన స్తంభాలు, కల్వర్టులు, పాత తూములు చూసుకోండి. ప్రవాహం ఒక అడ్డంకిని తాకి చీలినప్పుడు దాని వెనక నీళ్లు సుడి తిరుగుతూ నెమ్మదిస్తాయి. పండుగప్ప అక్కడ నిలబడుతుంది. రాత్రి వంతెన మీద లైటు ఉంటే, వెలుగూ నీడా కలిసే గీతకు నీడ వైపున ఉంటుంది. టార్చి వేసి చూస్తే దాని కళ్లు ఎర్రగా మెరుస్తాయి. కానీ నీళ్ల మీద టార్చి తిప్పవద్దు, చేప చెదిరిపోతుంది.

ఒక్కసారైనా నిండు పాటు మీద, గేలం లేకుండా ఆ చోటికి వెళ్లి రండి. నీళ్లు పూర్తిగా దిగినప్పుడు గుంతలు, మునిగిన మొద్దులు, రాళ్లు బయట పడతాయి. ఫోన్లో ఫొటోలు తీసుకోండి. నీళ్లు నిండాక ఆ ఫొటోలే మీకు దారి చూపిస్తాయి, ఎన్నో బొమ్మలు మొద్దులకు చిక్కి పోకుండా కాపాడతాయి.

రొయ్యల చెరువుల నీళ్లు వదిలే కాలువ నోటి దగ్గర చేప బాగా ఆడుతుంది, నిజమే. కానీ చెరువు రైతును అడగకుండా ఆ గట్టు ఎక్కవద్దు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి మన జిల్లాలో ఎంతమంది రొయ్య రైతులు దెబ్బతిన్నారో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. తడి వల, తడి సామాను ఒక చెరువు దగ్గర నుంచి ఇంకో చెరువు దగ్గరకు మోస్తే రోగం కూడా వెంట వస్తుందని వాళ్ల భయం, అది న్యాయమైన భయం. నేను పచ్చి రొయ్య ఎర మానేసి బొమ్మలకు మారడానికి ఇదీ ఒక కారణం. కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరులో కూడా పోర్టు హద్దుకు దూరంగానే ఉండండి.

బురద సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. పాటు మీద బయటపడే నల్ల బురదలో మోకాలు దాకా దిగిపోతారు. చెప్పులతో కాక, కాలికి బిగుసుగా పట్టే బూట్లతో వెళ్లండి. ఒంటరిగా అసలే వద్దు.

సామాను

రాడ్డు 7 అడుగులది, మధ్యస్థం కంటే ఒక మెట్టు గట్టిది. రీలు 3000 లేదా 4000 సైజు స్పిన్నింగ్ రకం. దారం 20 నుంచి 30 పౌండ్ల అల్లిక దారం. డబ్బులు తక్కువైతే రాడ్డు దగ్గర తగ్గించుకోండి, దారం దగ్గర, హుక్కుల దగ్గర తగ్గించుకోవద్దు.

అల్లిక దారం చివర రెండు మూరల పొడవున 40, 50 పౌండ్ల మందపాటి నైలాన్ దారం తప్పకుండా కట్టండి. దీన్నే లీడర్ అంటారు. పండుగప్ప పళ్లు గరుకు కాగితంలా సన్నగా ఉంటాయి, దారాన్ని తెంపేది అవి కాదు. మొప్ప మూత అంచు బ్లేడులా ఉంటుంది. చేప తల విదిల్చినప్పుడు ఆ అంచు మీదుగా దారం రాసుకుంటే అల్లిక దారం ఇట్టే తెగిపోతుంది. నాకు తగిలిన మొదటి పెద్ద చేప అలాగే పోయింది. వంతెన కింద రెండు సార్లు గాల్లోకి లేచింది, మూడోసారి దారం వదులైపోయింది. గట్టు మీద కూర్చుని తెగిన కొసను చాలాసేపు చూశాను. నోట్లో హుక్కులతో వెళ్లిపోయిన ఆ చేప గురించి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రీలు బిగింపు, అంటే డ్రాగ్, చేత్తో లాగి అంచనా వేయకండి. రాడ్డులోంచి దారం తీసి స్ప్రింగ్ కాటాకు కట్టి లాగండి. 20 పౌండ్ల దారమంటే సుమారు 9 కిలోల బరువు తట్టుకుంటుంది. అందులో నాలుగో వంతు, అంటే రెండు కిలోల పైచిలుకు దగ్గర రీలు దారం వదలాలి. అంతకంటే బిగిస్తే చేప మొదటి పరుగులోనే ముడి దగ్గర తెగుతుంది.

చెప్పు బొమ్మ తయారీ

షాపులో మంచి బొమ్మ చేప ఒకటి కొనే డబ్బుతో ఇంట్లో అలాంటివి చాలా చేసుకోవచ్చు. పోయినా గుండె తరుక్కుపోదు కాబట్టి, చేప ఉండే ఇరుకు సందుల్లోకి ధైర్యంగా విసరగలం. మడ వేళ్లకు జానెడు దూరంలో పడిన చెప్పు ముక్క, రెండు గజాల దూరంలో పడిన ఖరీదైన బొమ్మ కంటే మేలు.

అరిగిన హవాయి చెప్పు తీసుకుని మడమ వైపు మందంగా ఉన్న భాగంలో 10 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు ముక్క కోయండి. పెన్నుతో చేప ఆకారం గీసుకుని కొత్త బ్లేడుతో చెక్కండి. బ్లేడును సబ్బు నీళ్లలో ముంచుతూ కోస్తే రబ్బరు చిరగకుండా నున్నగా తెగుతుంది. తల మందంగా, తోక సన్నగా రావాలి. గరుకు కాగితంతో అంచులు రుద్దండి.

తర్వాత తీగ. ఇది బొమ్మకు వెన్నెముక. ఒక మిల్లీమీటరు మందం స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ వాడండి. ఇల్లు కట్టేటప్పుడు ఇనుప చువ్వలకు చుట్టే తీగ వాడితే రెండు సార్లకే తుప్పు పట్టి, మంచి చేప తగిలిన రోజే తెగుతుంది. ముక్కు దగ్గర ఒక రింగు, పొట్ట దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి వచ్చేలా కటింగ్ ప్లేయరుతో ఒకే తీగను వంచండి, ముక్కు దగ్గర, తోక దగ్గర కొసలను మూడేసి చుట్లు తిప్పండి. బొమ్మ పొట్టను పొడుగునా సగం లోతు వరకు చీల్చి తీగను లోపల కూర్చోబెట్టండి. రబ్బరుకు చిన్న బెజ్జం కావాలంటే గోనెసంచులు కుట్టే దబ్బనం బాగా పనికొస్తుంది.

ఇక బరువు. తీగ పక్కన, పొట్ట రింగుకు దగ్గరగా 5 గ్రాముల సీసం పెట్టండి. సీసం కరిగించే పని పెట్టుకోవద్దు, ఆ పొగ మంచిది కాదు. దుకాణంలో దొరికే చీలిక గుళ్లు (మధ్యలో చీలిక ఉన్న చిన్న సీసం గుళ్లు) చాలు. అతికించే ముందే, హుక్కులు తగిలించి, దారంతో చుట్టి నీళ్లలో వేసి చూడండి. ఇక్కడ చాలామంది చేసే తప్పు మంచినీళ్ల బకెట్లో పరీక్షించడం. ఉప్పు నీళ్లలో అదే బొమ్మ ఇంకా పైకి తేలుతుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. 10 లీటర్ల బకెట్లో 350 గ్రాముల కల్లుప్పు కరిగించి అందులో వేయండి. వీపు మాత్రం నీటి పైకి కనపడుతూ, తోక కొంచెం కిందికి వాలి నిలబడితే సరిపోయినట్టు. పక్కకు ఒరిగితే సీసం ఇంకా కిందికి జరగాలి. పూర్తిగా మునిగితే ఒక గుండు తీసేయండి. సరిపోయాక ట్యూబు పంక్చరుకు వాడే సొల్యూషన్ రెండు వైపులా రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి, గట్టిగా నొక్కి అతికించండి. రాత్రంతా దారంతో బిగించి ఉంచండి.

మూతి కింద రేకు లేకపోతే బొమ్మ నీళ్లలో కర్రలా వస్తుంది. పాత సీడీని వేడి నీళ్లలో ముంచి, వేడిగా ఉన్నప్పుడే కత్తెరతో బొటనవేలి గోరు ఆకారంలో, దానికంటే కొంచెం పెద్దగా కత్తిరించండి. చల్లగా ఉన్నప్పుడు కోస్తే పగులుతుంది. గడ్డం కింద ఏటవాలుగా గాటు పెట్టి, అందులో దూర్చి అరాల్డైట్‌తో అతికించండి. రేకు కిందికి నిటారుగా వాలితే బొమ్మ పైపైనే ఊగుతూ వస్తుంది, ముందుకు చాచినట్టు ఉంటే లోతుకు దిగుతుంది. మన ఏళ్లు లోతు తక్కువ కాబట్టి 45 డిగ్రీల వాలు సరిపోతుంది.

రంగు గురించి ఎక్కువ ఆలోచించవద్దు. వీపు మీద నల్ల మార్కరు, పక్కలకు చాక్లెట్ రేకు, పైన రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేస్తే చాలు. రాత్రికి మొత్తం నల్లగా ఉన్న బొమ్మ మంచిది, కింది నుంచి చూసే చేపకు దాని నీడ స్పష్టంగా కనిపిస్తుంది. కన్ను మాత్రం పెద్దగా పెట్టండి.

హుక్కులు ఉప్పునీటికి తగిన మందపాటివి కొనండి, మూడు ముళ్లవి అయితే 2 లేదా 1 నంబరు. ఎదురు ముల్లును, అంటే హుక్కు కొస దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును, కటింగ్ ప్లేయరుతో నొక్కేయండి. చేపకే కాదు, మీ వేలికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది.

మొదటిసారి నీళ్లలో లాగినప్పుడు బొమ్మ ఒక పక్కకు పోతుంటే పారేయకండి. మూతి మీ వైపు ఉండేలా పట్టుకుని, అది మీ ఎడమకు పోతుంటే ముక్కు రింగును కుడి వైపుకు, కుడికి పోతుంటే ఎడమ వైపుకు వెంట్రుకవాసి వంచండి. ఎక్కువ వంచితే రెండో పక్కకు పోతుంది.

చెప్పు దొరకకపోతే స్టీలు గరిటె చెంచా కాడ కోసేసి, రెండు కొసలా బెజ్జాలు వేసి, ఒక వైపు రింగూ దారం, ఇంకో వైపు ఒక హుక్కు తగిలించినా పనిచేస్తుంది. గాలి ఎదురుగా ఉన్న రోజు అది దూరం పోతుంది, అంతవరకే. మొద్దుల మధ్య మాత్రం చిక్కిపోతుంది.

విసరడం, లాగడం

బొమ్మను లీడరుకు బిగించి కట్టవద్దు. చిన్న ఉచ్చులా వదులు ముడి వేస్తే బొమ్మ తల స్వేచ్ఛగా ఆడుతుంది. ప్రవాహానికి ఎగువన, పిల్ల కాలువ నోటికి అవతల పడేలా విసిరి, నీళ్లతో పాటు కిందికి రానివ్వండి. నిజమైన సన్న చేప ప్రవాహానికి ఎదురు ఈదుతూ చేప నోటి దగ్గరికి రాదు, కొట్టుకుని వస్తుంది.

రీలు రెండు మూడు చుట్లు తిప్పండి. రాడ్డు కొసతో రెండు చిన్న కుదుపులు ఇవ్వండి. ఆపండి. మూడు అంకెలు లెక్కపెట్టండి. మళ్లీ చుట్టండి. కొత్తవాళ్లు ఈ ఆపడం దగ్గరే తొందరపడతారు. తేలే బొమ్మ ఆగినప్పుడు దెబ్బతిన్న చేపలా నెమ్మదిగా పైకి లేస్తుంది, పండుగప్ప కొట్టేది ఎక్కువగా అప్పుడే. వేళ్ల దగ్గర పడిన బొమ్మనైతే అయిదు అంకెల దాకా ఆపి చూడండి. ఒకే చోట పది పన్నెండు సార్లు వేశాక కూడా కదలిక లేకపోతే పది అడుగులు జరగండి. పండుగప్ప మేత కోసం పెద్దగా తిరగదు, దాని ఇంటి ముందుకు మనమే వెళ్లాలి.

తగిలాక

'టప్' మన్న శబ్దానికి ఉలిక్కిపడి రాడ్డు లాగేస్తే బొమ్మ నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది. శబ్దానికి కాదు, బరువుకు స్పందించండి. చేతికి బరువు తెలిశాక రాడ్డును పక్కకు నిదానంగా, గట్టిగా తిప్పండి. మొదటి పది సెకన్లు అది వేళ్ల వైపే పరుగెత్తుతుంది. రాడ్డును పక్కకు వాల్చి దాని తలను బయటికి తిప్పగలిగితే సగం పని అయినట్టే. గాల్లోకి లేచి తల విదిల్చేటప్పుడు దారం వదులు కానివ్వకండి, రాడ్డు కొసను నీళ్ల వైపు దించండి.

గట్టుకు వచ్చాక వల బుట్టతో ఎత్తండి. మొప్పలో వేలు పెట్టవద్దు, ఆ అంచు వేలిని కోసేస్తుంది. వీపు మీది ముళ్లు కూడా గట్టివే. తడి గుడ్డతో పట్టుకుని, కింది దవడను పట్టకారుతో పట్టి హుక్కు తీయండి.

ఏది ఇంటికి, ఏది ఏటికి

ఈ చేప జీవితం తెలిస్తే మీరే ఆగి ఆలోచిస్తారు. పండుగప్ప ముందు మగది. ఏళ్లు గడిచి, దాదాపు 80 నుంచి 100 సెంటీమీటర్ల పొడవుకు వచ్చేసరికి ఆడదిగా మారుతుంది. అంటే మన ఏటిలో పెద్ద పండుగప్పలన్నీ దాదాపు తల్లులే. అవి మొగ దగ్గరి ఉప్పు నీళ్లలో లక్షల్లో గుడ్లు పెడతాయి, పిల్లలు మళ్లీ ఏళ్లలోకి, మడ కాలువల్లోకి వచ్చి పెరుగుతాయి. చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ 1997లోనే హేచరీలో పండుగప్ప పిల్లలను పుట్టించింది. చెరువుల్లో పెంచే వాళ్లకు పిల్లలు ఆ దారిన దొరుకుతాయి. ఏటిలోని పండుగప్పకు ఆ తల్లే దిక్కు.

నేను పాటించే లెక్క ఇది: రెండు జానల లోపు చేప వెనక్కి, మూడున్నర జానలు దాటిన చేప కూడా వెనక్కి. మధ్యలోది ఒక్కటి చాలు. నలుగురున్న ఇంటికి పులుసుకు అది సరిపోతుంది. కండ గట్టిది కాబట్టి మామిడికాయ వేసి మరిగించినా ముక్క చెదరదు, రెండో రోజుకు ఇంకా బాగుంటుంది. ఉంచుకునే చేపను గట్టు మీద గిలగిల కొట్టుకోనివ్వకుండా వెంటనే మొప్పల దగ్గర కోసి రక్తం కారనిచ్చి ఐసులో పెట్టండి.

వదిలే చేపను నీళ్లలోంచి పూర్తిగా తీయకుండానే హుక్కు తీయడానికి ప్రయత్నించండి. ఫొటో కావాలంటే ఒక చేయి పొట్ట కింద పెట్టి అడ్డంగా ఎత్తండి, దవడ పట్టుకుని నిలువునా వేలాడదీయకండి, పెద్ద చేపకు ఆ బరువుకే మెడ దెబ్బతింటుంది. తర్వాత ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, పొట్ట కింద చేయి ఉంచి పట్టుకోండి. మొప్పలు ఆడడం మొదలవుతాయి. తోక మీ చేతిని తన్నేదాకా వదలవద్దు.

ఇంటికి వచ్చాక, ఎంత రాత్రి అయినా సరే, రీలునూ హుక్కులనూ మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. లీడరును వేళ్ల మధ్య పెట్టి కొస దాకా తడమండి, ఎక్కడ గరుకు తగిలినా అంతవరకు కోసేసి మళ్లీ కట్టుకోండి. చెప్పు బొమ్మ మీద గీతలు పడి ఉంటే పరవాలేదు, హుక్కు ముల్లు మొద్దుబారితే మాత్రం ఆ రాత్రే మార్చేయండి.